గోడమీది పద్దు

తెలుగు పంతులు బీరు సంగతి ఎత్తుకొన్నాడేమిటా అని ఇల్లాళ్ళు నొసలు చిట్లించనక్కరలేదు. నేను చెప్పబోయేది తాగుడు గురించి కాదు, లెక్కల గురించి. చిట్టా, ఆవర్జా, పద్దు, బాకీ - ఇవి మాత్రం తెలుగు మాటలుగా చలామణి అవుతున్నవి కావా?

నా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు పై చదువుకని స్కాట్లండులోని గ్లాస్గో వెళ్ళాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో బీరు కంపెనీల పాత పద్దు పుస్తకాలను భద్రంగా దాచి ఉంచారనీ, పరిశోధకులు వచ్చి వాటిని చదువుకొంటారనీ సెల్‌ఫోనులో రాసి పంపాడు. "మన తాళపత్రాలకు లేని భోగం మాస్టారూ!" అన్నాడు. వాడి వేళాకోళం అటుంచి, నాకు కుతూహలం పుట్టింది. ఆ భాండాగారాన్ని 1982లో మొదలుపెట్టారట. మొదట ఎడింబరోలో ఉండి, తర్వాత గ్లాస్గో చేరింది.

అందులో ఉన్న పెద్ద ఖాతాలలో రెండు, విలియం యంగర్ కంపెనీదీ విలియం మెక్యూవన్ కంపెనీదీ. మొదటిది 1749లో పుట్టింది, రెండోది 1856లో. మొలకెత్తించిన బార్లీ ఎంత పోశారు, హాప్సు పువ్వులు ఎన్ని వేశారు, వేడి ఎంత, కాచిన రసం చిక్కదనం ఎంత - ఏ రోజు వంట ఆ రోజే రాసి పెట్టేవారు. మన ఇళ్ళలో ఆవకాయ కొలతలు ఇలా రాసి పెట్టిన అమ్మమ్మ ఒక్కతి ఉంటే చూపించండి!

ఇంత రాత వాళ్ళకెందుకు పట్టింది? తీరిక ఎక్కువై కాదు. కాచి, హాప్సు వేసిన బీరు నెలల తరబడి నిలుస్తుంది. నిలిచేది గనుక ఓడ ఎక్కుతుంది. 1869లో సూయజు కాలువ తెరవకముందు ఆఫ్రికా చుట్టి ఇండియా రావడానికి నాలుగైదు నెలలు పట్టేది. సరుకు ముందు, సొమ్ము వెనుక. నడుమ సముద్రం. ఆ సముద్రం మీద వంతెన కాగితమే. రాయకపోతే మునిగిపోతారు.

ఓడల్లో తేవడం కన్న ఇక్కడే కాచుకొంటే మేలని తెల్లవాళ్ళకు తోచింది. దక్షిణ దేశంలో అలాంటి చిన్న చిన్న బట్టీలు వెలిశాయి. థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు దొర వాటిలో కొన్నిటిని 1915లో ఒక తాటిమీదికి తెచ్చి యునైటెడ్ బ్రూవరీస్ అని పేరు పెట్టాడు. మద్రాసు, బెంగుళూరు ప్రాంతాల పటాలాలకు పెద్ద పెద్ద పీపాలను ఎడ్లబండ్లమీద తోలించేవాడట. కంపెనీ కథలో దొర పేరు ఉంది, పీపాల పేరు ఉంది. బండి తోలినవాళ్ళ పేర్లు నాకెక్కడా తగల్లేదు. 1947లో విఠల్ మాల్యా అందులో మొదటి భారతీయ డైరెక్టరయ్యాడు. ఆయన కుమారుని కథ పత్రికలు చదివేవారికి నేను చెప్పనక్కరలేదు.

చిత్రమేమంటే, పైన చెప్పిన యంగరూ మెక్యూవనూ 1931లో ఏకమై, 1960లో న్యూకాసిల్ వాళ్ళతో కలిసి స్కాటిష్ అండ్ న్యూకాసిల్ అయ్యారు. ఆ సంస్థే 2005 నాటికి మన యునైటెడ్ బ్రూవరీస్‌లో మూడో వంతుకు పైగా వాటా కొన్నది. దొర వదిలిపోయిన ఇంట్లోకి దొర చుట్టాలే తిరిగి వచ్చారన్నమాట. 2008లో ఆ వాటా హాలండుకు చెందిన హైనెకెన్ చేతికి పోయింది. 2021లో పెత్తనమే వారిదైంది.

2025 జనవరి 8న ఆ కంపెనీ ఒక ప్రకటన చేసింది: తెలంగాణ ప్రభుత్వ మద్యం సంస్థ పాత బాకీలు తీర్చలేదు, 2019-20 నుంచి ధర పెంచలేదు, కనుక సరఫరా ఆపుతున్నాం! ఆ నెలలోనే రాజీకి వచ్చి మళ్ళీ సరఫరా మొదలైంది. ఫిబ్రవరిలో ధర నూటికి పదిహేను పెరిగింది. పద్దు చేతిలో ఉన్నవాడు ప్రభుత్వాన్నయినా నిలదీయగలడు.

ఇక మా దామరచర్లకు వద్దాం. మిర్యాలగూడ నుంచి వాడపల్లి పోయే దారిలో ఉంటుంది. మాకు బార్లీ లేదు, హాప్సు లేదు. తాడు, ఈత ఉన్నాయి. గీతగాడు నడుముకు మోకు కట్టి, పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చెట్టెక్కుతాడు. కాలాన్నిబట్టి, చెట్టునుబట్టి పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అంటారు. ఆ మాటలు వింటూంటే చెవికి ఎంత ఇంపుగా ఉంటాయో! కాని కల్లు నిలవదు. పొద్దుటి లొట్టి మాపటికి పుల్లబడుతుంది. ఓడ మాట దేవుడెరుగు, పక్క తాలూకాకైనా తీరికగా పోదు. తెల్లారి దించి, సాయంత్రానికి అమ్ముడుపోవలసిన సరుకుకు ఆవర్జా ఎవరు రాస్తారు?

రాయలేదని కాదు. నా చిన్నతనంలో మా వీధిలో కల్లు వాడుకపోసే ఇళ్ళ గోడలమీద బొగ్గు గీతలుండేవి. లొట్టికొక గీత. నాలుగు గీతలు నిలువు, అయిదోది అడ్డం. నెలకో, వడ్లు ఇంటికొచ్చాకో లెక్క తీరేది. సంక్రాంతికి గోడకు సున్నం కొట్టేవారు. అంతే, ఏడాది పద్దు మాయం! సున్నానికి ముందు బాకీ తీరితే సరే. తీరకపోతే గీతగాడి గుండెలో ఉన్నదే లెక్క.

ఈ కల్లుకు రాజకీయం తగులుకోకపోలేదు. హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలిసిన పదిహేను రోజులకు, 1948 అక్టోబరు 2న, మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. అంటే కృష్ణకు ఆవల పల్నాడు ఎండింది, ఈవల మాకు యథాప్రకారం. ఆవలి గట్టు చుట్టాలకు వాడపల్లిలో మూసీ కృష్ణల సంగమ స్నానం మీద ఒక్కసారిగా భక్తి పెరిగిందని మా నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. మునక ఒక్కటే, ఒడ్డున కూర్చోవడం మాత్రం పొద్దు గూకేదాకానట! ఈ నిషేధం తగాదా మీదనే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటుతో పడిపోయింది.

మరి కల్లుకు కాగితమే లేదా అంటే, ఉంది. నిజాం కాలపు ఆబ్కారీలో చెట్లకు రకం కట్టాలి, గుత్త పాడాలి. చెట్టుకు నంబరు వేసేవారు. ఏ చెట్టుకు ఎంత పన్ను అన్నది దఫ్తరానికి కావాలి. ఎక్కినవాడెవరు, ఎన్నేళ్ళు ఎక్కాడు, మోకు జారి ఎప్పుడు పడ్డాడు అన్నది ఆ లెక్కకు అక్కరలేదు. స్కాట్లండు పుస్తకం సరుకు కాచినవాడు రాసుకొన్నది. మాది పన్ను తీసినవాడు రాసుకొన్నది. ఇవాళ ఎవరైనా మా గీత పని చరిత్ర రాయబోతే దొరికేది చెట్ల నంబర్లే.

అందుకని రెండేళ్ళుగా నేనొక నోటుబుక్కు పెట్టాను. పని మాటలు, కొలతలు, ఏ చెట్టు ఎన్ని లొట్లు ఇచ్చేది, లెక్కలు ఎట్లా తీరేవి - చెప్పేవాళ్ళు చెబుతూంటే రాసుకొంటున్నాను. ఆ మధ్య ఎనభయ్యేళ్ళ గీతగాడొకాయన గంటసేపు ఓపిగ్గా అన్నీ చెప్పి, నా కలం వంక అనుమానంగా చూసి అడిగాడు:

"సారూ, రాస్కుంటె రాస్కోండ్రి గని, నా పేరు మీద బాకీ ఏమన్న రాస్తున్నరా ఏంది?"