చెవిపోటు చెవిదేనా?

ఎడమ చెవి దిబ్బెడ వేసినట్టుండి, చెంప దగ్గర్నించి కణత దాకా ఒకటే సలుపు. ఇలా నాలుగు నెలలు. విమానం దిగాక మూసుకుపోయిన చెవులు ఓసారి ఆవలిస్తే తెరుచుకుంటాయి కదా, ఇది అలా తెరుచుకునే రకం కాదు. హెడ్‌సెట్ కుడి చెవికి మార్చుకున్నా. రాత్రిళ్ళు నెట్‌లో వెతికితే బ్రెయిన్ ట్యూమర్ దాకా తీసుకెళ్ళి వదిలింది.

మన ఆఫీసుల్లో దీనికి అందరిదీ ఒకటే తీర్పు: "సైనస్ బాస్!" ఏసీ, దుమ్ము... కారణాలు రెడీ. కానీ సైనసైటిస్ అనాలంటే ముక్కు కూడా సాక్ష్యం చెప్పాలి. దిబ్బడో, చిక్కటి చీమిడో, వాసన తెలియకపోవడమో ఉండాలి. అవేవీ లేని ఉత్త మొహం నొప్పికి యాంటీబయాటిక్కులేంటండీ? నాకు రెండు కోర్సులు రాశారు (ఎవరో ఎందుకులెండి).

మూడో డాక్టరు చెవిలోకి చూసి, గుబిలి లేదు, కర్ణభేరి బాగానే ఉందన్నాడు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవమన్నాడు. టిక్కుమంది. ప్రాణం పోయినంత పనైంది. దవడ కీలట!

ఆ కీలు చెవి రంధ్రానికి సరిగ్గా ముందుంటుంది. దవడ కండరాలకీ, కర్ణభేరిని బిగించే బుల్లి కండరానికీ, చెవినీ గొంతునీ కలిపే గొట్టాన్ని తెరిచే కండరానికీ కనెక్షన్ ఒకటే: ట్రైజెమినల్ అనే ఐదో కపాల నాడి. మన భాషలో, బగ్ ఒక మాడ్యూల్లో, ఎర్రర్ మెసేజ్ ఇంకో దాంట్లో. 1934లోనే జేమ్స్ కాస్టెన్ అనే అమెరికన్ చెవి డాక్టరు ఈ లింకు గురించి రాశాడు. వెనక పళ్ళు పోయి దవడ నరాల్ని నొక్కుతోందన్న ఆయన వివరణ తర్వాత నిలబడలేదు. చెవి బాధకి దవడ కూడా చూడాలన్న మాట మాత్రం నిలిచింది.

నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తగలక్కర్లేదు. ఇది చదువుతుండగా మీవి ఎలా ఉన్నాయో చూసుకోండి. రిలీజ్ రోజున నావైతే అతుక్కుపోయి ఉంటాయి. మెత్తటి తిండి, వేడి కాపడం, గంటకోసారి "పళ్ళు!" అని రిమైండరు. ఆరు వారాలకి చెవి తేలికపడింది. మొదట్లోనే కీలుకి ఆపరేషన్ అనేవాళ్ళుంటే ఇంకొకరికి చూపించుకోండి.

అలాగని అందరిదీ దవడే కాదు. పుప్పి పన్నూ కావచ్చు. క్షణకాలం కరెంటు షాకులా కొడుతుంటే న్యూరాలజిస్టు చూడాలి. మెట్లెక్కితే దవడ లాగి, ఆగితే తగ్గుతుంటే గుండె పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం సోమవారం దాకా ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి.