నలుపు నిలవాలంటే

క్రోమియం దేనినీ తనకు అంటనివ్వదు. గాలి సోకగానే దాని మీద కంటికి కనబడని ఆక్సైడు పొర ఒకటి ఏర్పడుతుంది. ఏళ్ల తరబడి అది తళతళలాడేది ఆ పొర వల్లనే; దానిపై వేసిన రంగు నిలవకపోవడానికీ ఆ పొరే కారణం. మోటారు సైకిలు పొగగొట్టాన్ని నలుపు చేయించదలచిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. ఏ రంగు మన్నికైనదని అందరూ దుకాణంలో వాకబు చేస్తారు. ఆ రంగు దేనిని పట్టుకొని నిలవాలో ఆలోచించేవారు తక్కువ.

విశాఖపట్నంలో ఒక కళాశాల అధ్యాపకుడికి తండ్రి నుంచి ఒక బుల్లెట్ సంక్రమించింది. 1955లో నాటి మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి తిరువొత్తియూరు కర్మాగారంలో తయారైన బండి అది. రేవులో ఉద్యోగం చేసిన తండ్రిగారు 1979లో దానిని కొన్నారు. ప్రతి ఆదివారం పాత పంచె ముక్కతో గొట్టాలు తుడవడం ఆయనకు ఒక నియమం. ఆయన పోయిన తరువాత బండి రెండు వర్షాకాలాలు వరండాలోనే ఉండిపోయింది. ఈలోగా సముద్రపు గాలి తన పని తాను చేసుకుపోయింది.

అలంకారానికి వేసే క్రోమియం పొర మందం సాధారణంగా ఒక మైక్రానుకు లోపే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. తుప్పు నుంచి ఉక్కును అసలు కాపాడేది దాని కింద ఉన్న నికెల్ పొర. సన్నని పగుళ్ల గుండా ఉప్పుతేమ దిగి, ఆ నికెల్‌ను కూడా దాటితే ఎర్రని చుక్కలు పైకి తేలుతాయి. ఇంజనుకు తగిలి ఉండే బెండ్ పైపుకు వేడి బాధ అదనం. దాని నిండా చుక్కలు పడ్డాయి; పూత అక్కడక్కడ పొట్టు లేచింది. వెనుక సైలెన్సరు మాత్రం రుద్దితే ఇంకా మెరిసేటట్లే ఉన్నది.

రెండింటినీ నల్లగా చేయిద్దామని అధ్యాపకుడు అనుకున్నాడు. తల్లికి ఆ మాట నచ్చలేదు. "మసిపూసి మారేడుకాయ చేస్తావా నాయనా? మీ నాన్నగారు తుడిచిన గొట్టాలు అవి" అన్నది.

ఆ సామెతలో ఆమె అనుకొన్నదాని కంటే ఎక్కువ నిజం ఉన్నది. అదే వీధిలో మరొకరి బండికి క్రోమ్ మీదనే నల్లని స్ప్రే కొట్టించగా, రెండు నెలలు తిరగకముందే అది ఉల్లిపొరలా ఊడివచ్చింది. తండ్రిగారి కాలం నుంచి ఆ బుల్లెట్‌ను చూస్తున్న ముసలి మేస్త్రీ ఈ సంగతే చెప్పాడు: "రంగు మంచిదేనండి మాస్టారూ, కింద క్రోమ్ ఉన్నంతవరకు దానికి కాలు నిలవదు. ఒకసారి క్రోమ్ తీసేస్తే మళ్లీ ఆ మెరుపు రమ్మన్నా రాదు. బాగా ఆలోచించుకోండి."

అప్పుడు లెక్కలు మొదలైనాయి. బెండ్ పైపు పైభాగం వేడి 300 డిగ్రీల సెల్సియస్‌ను దాటవచ్చు. మామూలు ఎనామిల్ అక్కడ మాడిపోతుంది. సాధారణ పౌడర్ కోటింగును 200 డిగ్రీల ప్రాంతంలో కాల్చి గట్టిపరుస్తారు. అంతకు మించిన వేడిని అది ఎక్కువకాలం ఓర్వదు. నల్ల క్రోమ్ పూత చూపుకు ఇంపైనదే గాని, ఇంజను దగ్గరి వేడికి దాని రంగు మారుతుంది. గుడ్డపట్టీ చుడితే అది తడిని పట్టి ఉంచి లోపల తుప్పును పెంచుతుంది. ఇక మిగిలినవి రెండు: సిలికోన్ రెసిన్‌తో చేసిన వేడి తట్టుకొనే రంగు, సిరామిక్ పూత. రెండవది గట్టిది, ఖరీదైనది. చెడితే గొట్టాన్ని మళ్లీ పనివారికే అప్పగించాలి. మొదటిది అంత గట్టిది కాదు గాని, గీత పడినచోట ఇంటివద్దనే సరిచేసుకోవచ్చు.

మరొక విషయం కూడా ఆలోచించవలసి వచ్చింది. మెరిసే క్రోమ్ కంటే నల్లని తలం వేడిని ఎక్కువగా బయటికి వెదజల్లుతుంది. ఆ బండి వెనుక అధ్యాపకుడి కూతురు కూర్చుంటుంది. ఆ పిల్ల పిక్క పక్కనే ఉండేది సైలెన్సరు.

దానితో నిర్ణయం జరిగింది. సైలెన్సరును ఉన్నది ఉన్నట్లు ఉంచి, పూత ఎలాగూ చెడిన బెండ్ పైపును మాత్రమే నలుపు చేయాలి. క్రోమ్‌ను రసాయనాలలో కరిగించవచ్చు గాని, ఆ ద్రవం కాలువ పాలైతే విషమే. ఇసుకతో కొట్టించవచ్చు గాని, సిలికా ధూళి పనివాని ఊపిరితిత్తులను తినివేస్తుంది. అందుచేత మూసిన పెట్టెలో అల్యూమినియం ఆక్సైడు రవ్వతో పనిచేసే షెడ్డును వెతికి పట్టుకొన్నారు. గొట్టం బూడిదరంగు తేలి, గరుకుగా, అచ్చమైన ఉక్కుగా తిరిగివచ్చింది. వట్టి చేయి తగలనివ్వకుండా తిన్నరుతో తుడిచి, ఆనాడే పలుచగా మూడు పూతలు వేశారు. ఆరిన తరువాత ఇంజనును కొద్ది నిమిషాలు నడిపి చల్లార్చడం, మరికొంతసేపు నడిపి మళ్లీ చల్లార్చడం: ఈ రంగు గట్టిపడేది ఆ వేడికే. తొందరపడి మొదటిరోజే దూరప్రయాణం చేస్తే పొంగులు వస్తాయి.

ఒక వర్షాకాలం గడిచింది. బెండ్ పైపు నల్లగానే ఉన్నది. అతుకు దగ్గర చిటికెన వ్రేలి గోరంత మేర మాత్రం ఎర్రబారింది. అధ్యాపకుడు దానిని గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, మళ్లీ రంగు వేశాడు. అరగంట పని. ఏ పూతా ఎల్లకాలం ఉండదు. తండ్రిగారి క్రోమ్ అన్నేళ్లు నిలిచినది కూడా ఆదివారాల తుడుపు వల్లనే. అందుచేత పొగగొట్టానికి నలుపు ఎంచుకొనేవారు డబ్బా మీది డిగ్రీలతో పాటు ఆ పూతను తాము చూచుకోగలరా లేదా అన్నది కూడా లెక్కవేసుకోవడం మంచిది.