బరువు రాయని మందు చీటీ

స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్సకు ఆరోగ్య బీమా వర్తిస్తుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కొన్ని నియమాలకు లోబడి వర్తిస్తుంది. అయితే ఆ నియమాలు మీ విషయంలో నెరవేరాయని చూపే కాగితాలు మీ చేతిలో ఉండాలి. ఆ కాగితాల విలువ నాకు ఒక రోగి వలన, నా పొరపాటు వలన తెలిసివచ్చింది.

హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురా ప్రాంతంలో, నేను చాలా ఏళ్ళు వైద్యం చేశాను. సాయంత్రం వేళ రోగులు మెట్ల మీద కూడా కూర్చునేవారు. గదిలో ఒక మూల బరువు తూచే యంత్రం ఉండేది కాని, ఆ రద్దీలో దాని మీద సంచులు పెట్టుకునేవారు.

అక్కడికి మధుమేహం కోసం ఒక ఉపాధ్యాయిని తొమ్మిదేళ్ళపాటు వచ్చారు. వచ్చినప్పుడల్లా ‘బరువు తగ్గాలమ్మా’ అనేవాణ్ణి. ఆమె చేయని ప్రయత్నం లేదు. రాత్రి అన్నం మాని జొన్నరొట్టె తిన్నారు. తెల్లవారకముందే లేచి నడిచారు. రెండుసార్లు ఏడెనిమిది కిలోలు తగ్గి, తిరిగి అంతకంటె ఎక్కువ పెరిగారు. చివరకు 154 సెంటీమీటర్ల ఎత్తుకు 88 కిలోల బరువుకు చేరుకున్నారు. మూడు రకాల మాత్రలు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ 9.4 ఉంది. రాత్రి పెద్ద గురక, పగలు తరగతి గదిలో కునుకుపాట్లు.

శస్త్రవైద్యుడు ఆమెకు స్లీవ్ గాస్ట్రెక్టమీ సూచించాడు. అందులో జఠరంలో సుమారు మూడు వంతులకు పైగా తొలగించి, మిగిలిన భాగాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. కొద్దిపాటి ఆహారంతోనే కడుపు నిండుతుంది, ఆకలి పుట్టించే హార్మోను కూడా తగ్గుతుంది. ఖర్చు మూడు లక్షల పైచిలుకు అన్నారు. భర్త పేరిట కుటుంబ పాలసీ ఉన్నది గనుక వారు ధైర్యంగానే ఉన్నారు. కాని బీమా సంస్థ ముందస్తు అనుమతిని నిరాకరించింది. ఆహార నియమాలు, వ్యాయామం వంటివి ప్రయత్నించి విఫలమైనట్లు ఆధారం లేదని ఉత్తరంలో రాసింది.

ఆమె ఆ ఉత్తరంతోపాటు నా చీటీలన్నీ ఒక సంచిలో తెచ్చి బల్ల మీద పోశారు. ‘‘డాక్టరు గారూ, తొమ్మిదేళ్ళవి దాచుకున్నాను. బరువు తగ్గమని మీరు చెప్పినట్టు వీటిలో ఎక్కడైనా ఉందా?’’ అన్నారు.

ఒక్కొక్కటే తిరగేశాను. చక్కెర ఉంది, రక్తపోటు ఉంది, మాత్రల పేర్లు ఉన్నాయి. బరువు రెండు చీటీలలో మాత్రమే ఉంది. నేను నోటితో వందసార్లు చెప్పిన సలహా ఒక్కసారి కూడా కాగితం మీదికి ఎక్కలేదు.

‘‘పాత తేదీతో ఒక చీటీ రాసివ్వండి సార్’’ అన్నారు ఆమె భర్త. రాయలేదు. అది అబద్ధపు పత్రం. బయటపడితే నా మాట సంగతి అటుంచి, వారి పాలసీయే ప్రమాదంలో పడుతుంది. దానికి బదులు ఉన్నదున్నట్లు ఒక ఉత్తరం రాశాను. తొమ్మిదేళ్ళుగా ఆమెకు వైద్యం చేస్తున్నాననీ, సలహా నోటిమాటగానే ఇచ్చాననీ, నమోదు చేయకపోవడం నా లోపమనీ అందులో ఒప్పుకున్నాను.

ఇక నియమమేమిటో చెబుతాను. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కార్యాలయం మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆ సంస్థ 2019 సెప్టెంబరులో, ఆరోగ్య పాలసీలలో చెల్లింపు నుండి మినహాయించదగిన అంశాలకు ఒకే రకమైన భాషను నిర్ణయించింది. అందులో ఆరవది స్థూలకాయం. దాని ప్రకారం చికిత్స వైద్యుని సలహాపై జరగాలి, దానికి వైద్యప్రమాణాల మద్దతు ఉండాలి. రోగికి 18 ఏళ్ళు నిండాలి. బీఎంఐ, అనగా కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్య, 40 లేదా అంతకు మించి ఉండాలి. లేదా 35 అయినా ఉండి, తేలిక మార్గాలలో బరువు తగ్గే ప్రయత్నాలు విఫలమై, నాలుగు జబ్బులలో ఒకటైనా ఉండాలి. అవి: స్థూలకాయం వలన గుండె కండరానికి వచ్చే జబ్బు, హృదయ ధమనుల వ్యాధి, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని రెండవ రకం మధుమేహం. ఈ షరతులన్నీ నెరవేరని చికిత్సను మాత్రమే మినహాయించవచ్చు.

మా ఉపాధ్యాయిని బీఎంఐ 37. మధుమేహం అదుపులో లేదు. నిద్ర పరీక్ష చేయిస్తే గంటకు 38 సార్లు శ్వాసకు అంతరాయం కలుగుతున్నట్లు తేలింది, 30 దాటితేనే తీవ్రమంటాము. లోపించినది ప్రయత్నాల రుజువు ఒక్కటే. ఆరు నెలలు ఆహార నిపుణురాలి పర్యవేక్షణలో పెట్టి, నెలనెలా తూచి, ప్రతిదీ తేదీతో రాశాము. ఆపైన బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి మళ్ళీ రాస్తే అనుమతి వచ్చింది. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. ఆ లోపల ఆమె కంటిలో రెటీనా దెబ్బతినడం మొదలై, లేజరు చికిత్స చేయవలసివచ్చింది. దానికి ఈ ఆలస్యమొక్కటే కారణమని అనలేను. కాని నేను చీటీ మీద ఒక పంక్తి రాసి ఉంటే ఆ ఎనిమిది నెలలు ఆమెకు మిగిలేవి.

బీమా లేనివారి మాటేమిటి? మా పాతబస్తీకి చేరువనే, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఉస్మానియా ఆసుపత్రిలో 200 కిలోలు దాటిన ఒక యువకునికి ఈ శస్త్రచికిత్స ఉచితంగా చేసినట్లు 2023లో పత్రికలలో వచ్చింది. కనుక ఇది సంపన్నుల సోకు వైద్యమని అనుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా అడిగి చూడండి.

మీకు నా మనవి ఇది. వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడల్లా బరువు, బీఎంఐ చీటీ మీద రాయమని అడగండి. ఇచ్చిన ఆహార సలహాను కూడా రాయించుకోండి. పాలసీ తీసుకునేటప్పుడు మధుమేహాన్ని, రక్తపోటును దాచవద్దు, దాచినది క్లెయిమ్ నాడు బయటపడుతుంది. ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 2024 నుండి గరిష్ఠంగా మూడేళ్ళు, అది మీ పాలసీలో ఎంతో చూసుకోండి. గది అద్దె పరిమితిని కూడా చూడండి. దానికి మించిన గది తీసుకుంటే, చాలా పాలసీలలో మిగతా బిల్లు కూడా ఆ నిష్పత్తిలోనే కోత పడుతుంది.

నిరాకరిస్తే కారణం లిఖితపూర్వకంగా తీసుకోండి. ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సరిగా లేకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అయితే ఏడాదిలోగా వెళ్ళాలి.

ఒక్క సంగతి మరువకండి. శస్త్రచికిత్సతో పని ముగియదు. బి12, ఇనుము, డి విటమిను వంటివి జీవితాంతం చూసుకోవాలి. మా ఉపాధ్యాయిని ఇప్పుడు 64 కిలోలు, మూడు మాత్రలలో ఒకటే మిగిలింది. మొన్న ఫోనులో ‘‘తరగతిలో నిద్ర రావడం లేదు డాక్టరు గారూ, పిల్లలకే కష్టంగా ఉంది’’ అని నవ్వారు.

వైద్య మిత్రులకు కూడా ఒక మాట. బరువు యంత్రం మీది సంచులు తీయించండి.