బరువు తప్ప వేరు పని లేని ఉపగ్రహం

మన పల్లెలలో కొత్త కోడెలను కాడికి అలవాటు చేయునపుడు రైతు వాటిని మొదటినాడే ధాన్యపు బస్తాల బండికి కట్టడు. ముందొక మొద్దును కట్టి చేను చుట్టూ ఈడ్పిస్తాడు. మొద్దు విరిగినా ఇంటికి నష్టం లేదు గదా! రాకెట్ శాస్త్రజ్ఞులు కూడా ఈ పద్ధతినే అవలంబిస్తారని చదివినపుడు మాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు. కొత్త వాహనం తొలిసారి లేచునపుడు దాని శిఖరాన అసలు ఉపగ్రహానికి బదులు, అంతే బరువు గల లోహపు దిమ్మెను అమర్చుతారు. అదియే డమ్మీ ఉపగ్రహం.

ఖాళీగానే పంపరాదా అని మా తరగతిలో ఒక సోదరి ప్రశ్నించింది. పంపరాదు. బరువు లేని రాకెట్ త్వరణం వేరు, దాని కంపనం వేరు. కనుక దిమ్మె బరువును, గురుత్వకేంద్రాన్ని అసలుదానికి సరితూగునట్లు చేసి, అదురును, ధ్వనిని కొలిచే పరికరాలను కూడా దానిలో ఉంచుతారు.

ఈ జాగ్రత్త లేకపోయిన చోట ఏమి జరిగినదో యూరపు శాస్త్రజ్ఞులకు తెలియును. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి అరియేన్-5 తొలిసారి లేచినపుడు దానిలో క్లస్టర్ అనే నాలుగు నిజమైన ఉపగ్రహాలున్నవి. పాత అరియేన్-4 నుండి తెచ్చిన గణన సూత్రం ఒక పెద్ద సంఖ్యను పదహారు బిట్లలో ఇముడ్చలేకపోయింది. నలభై సెకన్లు గడిచేసరికి వాహనం ముక్కలైనది. ఏండ్ల తరబడి చేసిన శ్రమ బురదనేలపై రాలిపడింది. ఉర్దూలో ‘అమానత్’ అని ఒక చక్కని మాట ఉన్నది. నమ్మి ఒకరి చేతికప్పగించిన సొత్తు అని దాని భావం. ఇంకను పరీక్షకు నిలువని చేతికి అమానత్‌ను అప్పగించవచ్చునా?

మరుసటి ఏడు అక్టోబరు 30న అరియేన్-5 రెండవసారి లేచినపుడు మాక్‌శాట్ అనే దిమ్మెలు రెండు వెళ్ళినవి. ఈసారీ అనుకున్న ఎత్తు అందలేదు. దిమ్మెలు మాత్రం ఫిర్యాదు చేయలేదు! క్లస్టర్ శాస్త్రజ్ఞులు విడిభాగాలతో ఒకటి, కొత్తగా మూడు ఉపగ్రహాలు నిర్మించుకొని, బైకనూరు నుండి వేరొక వాహనాన్ని ఎన్నుకొన్నారు. 2000 మార్చి 20న ముందుగా డమ్‌శాట్ అనే డమ్మీ వెళ్ళి వచ్చిన కబురు మంచిదయిన పిమ్మటనే, జూలై, ఆగస్టు నెలల్లో అసలు నాలుగు బయలుదేరినవి.

ఇంతవరకు వాదం సులభమే. చిక్కు ఇక ముందున్నది. 2004 డిసెంబరు 21న అమెరికా వారి డెల్టా-4 హెవీ తొలి ప్రయాణంలో ఆరు టన్నుల డెమోశాట్‌తో పాటు విశ్వవిద్యాలయ విద్యార్థులు చేసిన రెండు చిన్న ఉపగ్రహాలు కూడా వెళ్ళినవి. ఇంజన్లు వేళకు ముందే ఆగినవి. దిమ్మె తక్కువ కక్ష్యలో తిరిగింది. విద్యార్థుల ఉపగ్రహాలు కక్ష్యనే చేరలేదు. మన శ్రీహరికోటలో 2022 ఆగస్టు 7న ఎస్.ఎస్.ఎల్.వి. తొలి ప్రయోగంలోనూ ఇట్టిదే జరిగింది. 75 ప్రభుత్వ పాఠశాలల 750 మంది బాలికలు చేయి వేసిన ఆజాదీశాట్ అందులో ఉన్నది. 356 కిలోమీటర్ల వృత్త కక్ష్యకు బదులు, ఒక కొన 76 కిలోమీటర్లకు దిగే దీర్ఘవృత్తంలో పడి అది నశించింది.

దిమ్మెనే పంపవలసినదని మాలో పలువురు అన్నారు. మేము అంగీకరించలేదు. పేరు, పలుకుబడి లేని విద్యార్థులకు చోటు సులభంగా దొరికేది ఇట్టి తొలి ప్రయాణాలలోనే. ఎదిగిన వాహనంపై ఖరీదైన ఉపగ్రహాలదే పెద్ద పీట. దిమ్మెలకే ఆ చోటు కేటాయిస్తే మా వంటి వారి వంతు ఎన్నడు రావలెను? కోట్ల విలువైన అమానత్‌కు దిమ్మె ముందు నడవనీ. ఎనిమిది కిలోల విద్యార్థి శ్రమకు మాత్రం, ప్రమాదమెంతో ముందే చెప్పి, ఆ చోటు ఇవ్వనీ. ఆ బాలికలు మరల కూర్చున్నారు. 2023 ఫిబ్రవరి 10న అదే వాహనం రెండవ ప్రయోగంలో ఆజాదీశాట్-2 కక్ష్యను చేరింది.