కృష్ణలో పడవకాపురము

1855లో కృష్ణకు ఆనకట్ట ముగిసిన పిదప బెజవాడ కాలువలు పైరులకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలు నైనవి. ఏలూరు కాలువ వెంట గోదావరి సీమకును, కొమ్మమూరు కాలువ వెంట పెదగంజాము చేరి, అటనుండి బకింగుహాము కాలువలో చెన్నపట్టణమునకును పడవలు నడచెడివి. పడవవాండ్రు అందే వండుకొని, అందే నిద్రించి, దినముల తరబడి నీటిమీదనే గడపెడివారు. రైళ్లును లారీలును హెచ్చిన కొలది ఆ రాకపోకలు అంతరించినవి.

అట్టి బ్రతుకుపై మనసుపడి, పాత మోటారు పడవ నొకదానిని కొని కాపురముండదలచు సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలసియున్నది. ఇల్లు కొనువారు గోడలకన్న ముందు పునాది చూతురు. పడవ కొనువారు గదికన్న ముందు అడుగును, అడుగుకన్న ముందు రేవును చూడవలెను.

కాలువలు నేడు కాపురమునకు పనికిరావు. వేసవిలో వానిని కట్టివేయగా పడవ బురదలో కూర్చుండును. తక్కువ యెత్తు వంతెనలు దారి కడ్డుపడును. దివిసీమలో సముద్రము దాపున ఉప్పునీరు కలయును. అచ్చట కఱ్ఱను పురుగు తొలుచును, ఇనుమును త్రుప్పు తినును. ఇక మిగిలినది 1957లో ముగిసిన ప్రకాశం బారేజికి ఎగువనున్న మంచినీటి మడుగు. భవానీద్వీపము చెంత నీరు ఏడాదిలో పెక్కునెలలు నిలకడగా నుండును.

పడవను గట్టుకెక్కించి అడుగు చూడనిదే బయానా ఇయ్యరాదు. కఱ్ఱ పడవయైనచో కత్తిమొనతో పొడిచి చూడవలెను; మొన మెత్తగా దిగినచోట కఱ్ఱ పుచ్చినదని యెఱుగునది. ఇనుప పడవను చిన్న సుత్తితో తట్టగా కంగుమనవలెను. క్రొత్తగా రంగు పూసిన పాత పడవను మఱింత శ్రద్ధతో పరీక్షింపవలెను. రంగు వయసును దాచును గాని చిల్లు పూడ్చదు. పిదప దానిని నీట దింపి, ఒక రాత్రి యుంచి, లోపల నెంత నీరు చేరెనో చూడవలెను.

ఇంజను చల్లగా నున్నప్పుడే నడిపింపుమని అడుగుడు. ముందే వేడెక్కించి యుంచిన యింజను తన లోపములను తెలియనీయదు. నీలిపొగ ఎంతకును ఆగకున్నచో లోపలి నూనె కాలుచున్నదని గ్రహింపుడు.

వంటిల్లు మన వంతు. వంటగ్యాసు గాలికన్న బరువైనది. ఇంటిలో తలుపు తెఱచిన వెలికి పోవును. పడవలోనో అడుగున నిలిచి ఒక్క నిప్పురవ్వతో ప్రేలును. కావున సిలిండరును పైతట్టున, జారిన వాయువు నీటివైపునకు పోవుచోట ఉంచవలెను. మురుగును నదిలో విడువరాదు. ఆ నీరే దిగువ గ్రామముల మంచినీటి చెఱువులు చేరును.

2017 నవంబరు 12న పవిత్రసంగమము వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము యంత్రపు పడవలకు తనిఖీయును రిజిస్ట్రేషనును విధించినది. ఆ పత్రములు లేని పడవ ఎంత చవుకయైనను వలదు. ఇంటిలోని వారెందఱో అన్ని తేలుడు కోట్లు చేతికందునట్లు ఉండవలెను.

అన్నిటికన్న పెద్దమాట వరద. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చినపుడు ఎగువనుండి బరువైన పడవలు కొట్టుకొనివచ్చి బారేజి గేట్లను తాకినవి. ఎంతటి త్రాడును అట్టి కృష్ణకు నమ్మదగినది కాదు. బారేజి వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరికయు, 5.69 లక్షలకు రెండవదియు నిత్తురు. మొదటి హెచ్చరిక వినగానే పిల్లలతో గట్టెక్కవలెను, రెండవదానికై కాచుకొనరాదు.

గట్టెక్కుటకు గట్టున నొక చోటుండవలెను గదా! ఇల్లమ్మి పడవ కొందమని మగవారు ముచ్చటపడినను, ఇల్లాలు మాత్రము ఒక గదినైనను, దాని తాళపుచెవినైనను విడువరాదు. ఆ గది యున్నంతకాలము పడవ వేడుక. అది లేనినాడు పడవ గండము.