శ్రుతిదండంతో ఆర్గన్ బేరం

మా ఊరు నారాయణఖేడ్. పటంలో చూస్తే తెలంగాణకు పడమటి అంచున, కర్ణాటకకూ మహారాష్ట్రకూ దగ్గరగా కనిపిస్తుంది. 1956 వరకు బీదరు జిల్లాలో ఉండేది. ఆ తరువాత మెదకు జిల్లాలో చేరింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు తిరిగిందన్నమాట! మా అంగట్లో ఒక గంట నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి.

నేను హెడ్మాస్టరు పని నుంచి విరమించాక, సాయంకాలం మా అరుగు మీద పిల్లలు చేరి పాటలు నేర్చుకోవటం మొదలుపెట్టారు. మా దగ్గర ఉన్నది ఒక పాత హార్మోనియం. దాని తిత్తులను ఎలుకలు కొరికాయి. నొక్కితే పాటకంటె గాలే ఎక్కువ వినిపించేది.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి ఉన్నది. పుట్టుకతోనే ఆమె ఎడమచేతికి బలం లేదు. ఒకసారి విన్న పాట కుడిచేత్తో తడుముకోకుండా వాయిస్తుంది. కాని హార్మోనియానికి ఒక చేయి మెట్ల మీద, రెండో చేయి తిత్తి మీద ఉండాలి గదా! అందుకని పక్కన ఒక కుర్రవాడు కూచుని తిత్తి కొట్టేవాడు. వాడు పరధ్యానంలో పడితే పాట మధ్యలో ఆగిపోయేది.

కరెంటుతో పలికే ఆర్గనుకు తిత్తి ఉండదు. హార్మోనియంలో గాలి తగిలి ఇత్తడి రేకు అదురుతుంది. అందులోనుంచి నాదం పుడుతుంది. ఎలక్ట్రానిక్ ఆర్గనులో విద్యుత్తే అదురుతుంది; ఆ అదురును స్పీకరు మన చెవికి అందిస్తుంది. ఒక చేయి చాలు. ఈ సంగతి చెప్పగానే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కలిసి 9,000 రూపాయలు పోగుచేశారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం చిల్లర నాణేలే! దాంతో కొత్తది రాదు. వాడినదే చూడాలి. చెడ్డది తెచ్చానంటే ఆ పిల్లల ముఖం చూడలేను.

ఒక గురువారం తెల్లవారుజామున నేనూ, ఆ అమ్మాయీ, ఆమె తల్లీ హైదరాబాదు బస్సెక్కాము. మా ఊరికి రైలు లేదు. జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. గురువారమే ఎందుకంటే, పురానాపూల్ దగ్గర ఆనాడే జుమేరాత్ బజారు జరుగుతుంది. జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. పాత తాళాలు, పాత ఫంకాలు, పాత రేడియోలు – అక్కడ దొరకని పాత వస్తువు లేదు.

నా సంచిలో ఒక ఆయుధం ఉన్నది. అది శ్రుతిదండం. ప్రయోగశాలల్లో ఉంటుందే, రెండు కొమ్ముల ఉక్కు దండం, అదే. దాని మీద 256 అని చెక్కి ఉన్నది. అంటే సెకనుకు 256 సార్లు అదురుతుంది. బడిలో నేను ఏళ్ళ తరబడి దాన్ని చూపి, "ఇదే ఒకటో శ్రుతి షడ్జం" అని చెబుతూ వచ్చాను.

బజారులో గోనెపట్టా మీద ఒక చిన్న ఆర్గన్ దొరికింది. ప్రతి మెట్టూ వరుసగా నొక్కమన్నాను. అమ్మాయి నొక్కింది. రెండు మెట్లు మూగవి. తరువాత, రెండు నల్లమెట్ల గుంపుకు ఎడమన ఉండే తెల్లమెట్టును పట్టుకోమని, శ్రుతిదండాన్ని నా చెప్పు మడమకు కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. రెండు నాదాలూ కలిసి "వువ్వువ్వువ్వు" మని వణికాయి.

ఆ వణుకు ఏమిటో చెబుతాను. ఇద్దరు పిల్లలు పక్కపక్కన నడుస్తున్నారనుకోండి. ఒకడు నిమిషానికి 100 అడుగులు వేస్తాడు, ఇంకొకడు 102. నిమిషంలో రెండుసార్లు వాళ్ళ అడుగులు కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. నాదాలూ అంతే. కలిసినప్పుడు పెద్దగా, విడినప్పుడు సన్నగా వినిపిస్తాయి. సెకనుకు ఎన్ని వణుకులో, రెంటికీ అంత తేడా. ఇక్కడ సెకనుకు అయిదారు వణికింది.

"శ్రుతి తప్పింది, వద్దు!" అన్నాను.

అక్కడినుంచి కోఠీ వైపు ఒక వాద్యాల దుకాణానికి వెళ్ళాము. అందులో జపాను దేశపు పాత ఇంటి ఆర్గన్ ఒకటి ఉన్నది. బీరువా అంత బరువు. మెట్లు రెండు వరుసలు, కాళ్ళతో నొక్కే కర్రలు వేరే. దాని పేరు పక్కన మూడు శ్రుతిదండాలు అడ్డంగా పేర్చిన బొమ్మ ఉన్నది. అమ్మాయి అది చూసి, "సార్, మీ చేతిలోదే!" అన్నది.

అది యమహా వారి గుర్తు. 1887లో జపానులోని హమమత్సు ఊరి బళ్ళో ఒక ఆర్గన్ చెడిపోతే, తొరకుసు యమహా అనే ఆయన బాగుచేశాడు. బాగుచేస్తూ దాని గుట్టు తెలుసుకుని, తానే ఒకటి తయారుచేసి, హకోనే కొండలు దాటించి టోక్యోకు మోయించుకుపోయాడు. అక్కడి పండితులు విని శ్రుతి బాగాలేదన్నారు. ఆయన అలిగి వెనక్కు పోలేదు; శ్రుతి శాస్త్రం నేర్చుకుని మరొకటి చేశాడు. ఆ సంస్థే 1959లో ఎలక్ట్రోన్ అనే ఎలక్ట్రానిక్ ఆర్గన్ తెచ్చింది.

కథ చెప్పి, గర్వంగా నా దండం మోగించాను. మళ్ళీ అయిదారు వణుకులు! "ఇదీ తప్పే" అన్నాను. దుకాణదారు నవ్వి, అద్దాల బీరువాలోని సరికొత్త ఆర్గన్ తీసి ముందు పెట్టాడు. అదీ అలాగే వణికింది.

అమ్మాయి నెమ్మదిగా అన్నది: "సార్, మూడింటికీ ఒకటే తేడా వస్తోంది. మూడూ ఒకేలాగా తప్పుతాయా? మీ చేతిలోదే వేరేమో."

నాకు చెమట పట్టింది. అవును! భౌతికశాస్త్రం వారు 256ను ఎంచుకున్నది లెక్క సులువు కోసం. 2ను ఎనిమిదిసార్లు వేసి గుణిస్తే 256 వస్తుంది. సంగీతం వారి లెక్క వేరు. 1939లో లండనులో అనేక దేశాలవారు కూడి, వాద్యాల ఆరో శ్రుతి స్వరం సెకనుకు 440 అదురులు ఉండాలని నిర్ణయించారు. దాన్నిబట్టి ఒకటో శ్రుతి దాదాపు 261.6 అవుతుంది. అందులోనుంచి 256 తీసివేయండి. 5.6! మంచి ఆర్గనులను నేను శ్రుతి తప్పినవన్నాను. దుకాణదారుకు ఆ మాట చెప్పి క్షమించమన్నాను. ఆయన టీ తెప్పించాడు.

ఆ జపాను ఆర్గన్ శ్రుతికి వంక లేదు గాని, దాన్ని బస్సుకెక్కించటం మా వల్ల అయ్యే పని కాదు. పైగా అది 100 వోల్టులది; మన 230కి తగిలిస్తే కాలిపోతుంది.

సికిందరాబాదులో ఒకరి ఇంట్లో అమెరికా ఆర్గన్ అమ్మకానికి ఉన్నదని చెబితే అదీ చూశాము. అది చక్రాల ఆర్గన్. ఈ రకాన్ని లారెన్స్ హామండ్ 1935లో అమ్మకానికి తెచ్చాడు. లోపల పళ్ళ ఇనుపచక్రాలు తిరుగుతాయి. ఎదురుగా అయస్కాంతం, దానికి తీగచుట్ట. ఒక్కొక్క పన్ను దాటినప్పుడల్లా తీగలో విద్యుత్తు ఒకసారి అదురుతుంది. ఆ ఇంటివారు వోల్టేజి తగ్గించే పెట్టె ముందే కొన్నారు. అయినా ఒకటో శ్రుతి మెట్టు నొక్కితే దాదాపు ఆరో శ్రుతి, అదీ కింది స్థాయిలో, పలికింది. యంత్రంలో లోపం లేదు. దాని మోటారు కరెంటు నడకను బట్టి తిరుగుతుంది. అమెరికా కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, మనది 50. అందుకని చక్రాలు ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతున్నాయి. 261.6ను 5తో గుణించి 6తో భాగిస్తే ఎంతో మీరే చూడండి. వోల్టేజి పెట్టె ఆ నడకను మార్చలేదు. ఈ మాట చెబితే ఇంటాయన ముఖం చిన్నబోయింది. నాకూ బాధ వేసింది.

చీకటిపడే వేళకు కోఠీకి తిరిగివచ్చాము. ఆ దుకాణంలోనే వాడిన ఆర్గన్ ఇంకొకటి, 61 మెట్లది, ఒళ్ళో పట్టేది, ఉన్నది. అమ్మాయి అన్ని మెట్లూ నొక్కింది, నాలుగు మెట్లు ఒక్కసారిగా పట్టి చూసింది, ధ్వని పెంచే మీటను అటూఇటూ జరిపి గరగర ఉన్నదేమో విన్నది. శ్రుతి మార్చే మీట కూడా ఉన్నది. పిల్లల గొంతుకు ఐదో శ్రుతి కావాలంటే ఐదు, ఆరు కావాలంటే ఆరు. కరెంటు పోతే బ్యాటరీలతో పలుకుతుంది. మా ఊళ్ళో అది చిన్న విషయం కాదు. దుకాణదారు 8,500 అన్నాడు. ఆమె తల్లి 7,000 అన్నది. నేను నోరెత్తలేదు. 7,400కు తెగింది.

మరునాడు సాయంకాలం అరుగు మీద పాత హార్మోనియం పక్కన దాన్ని పెట్టాము. రెండూ కలిపితే వణుకు వచ్చింది. ఆర్గనులో శ్రుతిని సన్నగా సవరించే ఏర్పాటు ఉన్నది. అమ్మాయి దాన్ని ఒక్కొక్క గడి జరుపుతూ పోగా వణుకు నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

తిత్తి కొట్టే కుర్రవాడు మాత్రం, "మరి నేనేం చెయ్యాలి సార్?" అన్నాడు. పాడమన్నాము. వాడి గొంతు సరిగ్గా ఆరో శ్రుతి!