మామయ్యగారి బిస్కెట్ డబ్బా

మా మామయ్యగారు పోయి మొన్న శ్రావణానికి రెండేళ్ళు నిండాయి. పొలం పంపకం మాటా మాటా పెరగకుండానే అయిపోయింది. భద్రాచలంలో ఇల్లు అత్తయ్య ఉన్నంతకాలం కదిలించకూడదని నలుగురూ ఒప్పుకున్నారు. తేలకుండా మిగిలిపోయింది ఒక్కటే, బీరువా అడుగు అరలో ఉన్న బిస్కెట్ల రేకు డబ్బా. ఇంట్లో పిల్లలందరూ దాన్ని "తాతయ్య చిల్లర" అనేవాళ్ళు. ఎత్తబోతే చేయి లాగేసేంత బరువు.

"నువ్వు బీయే తెలుగు చదివావు కదా, కూర్చుని ఏది ఏమిటో చూసి చెప్పు" అని మా వారు దాన్ని ఖమ్మం తెచ్చి నా ముందు పెట్టారు. బీయే తెలుగుకీ పాత నాణేలకీ ఏం చుట్టరికమో నాకు తెలియదు. చిల్లిగవ్వ, దమ్మిడీ, పదహారణాలు, అణాపైసలతో సహా అని మనం రోజూ వాడే మాటలన్నీ ఆ డబ్బాలోవే కాబట్టి సరేననుకున్నాను.

డబ్బా మీద నాలుగు అభిప్రాయాలున్నాయి. కొత్తగూడెంలో ఉండే బావగారు ఫోన్లో వీడియోలు చూసి, ఒక్కో నాణేనికి లక్షలొస్తాయి, అమ్మేద్దాం అన్నారు. రాజమండ్రిలో ఉన్న ఆడపడుచుది ఇంకో మాట. "వెండివన్నీ కరిగించి తలా ఒక కుంకుమభరిణె చేయించుకుందాం వదినా, నాన్న గుర్తుగా రోజూ చేతిలో ఉంటుంది" అంది. అమెరికాలో ఉన్న మా మరిది సమానంగా నాలుగు వాటాలు వేసి ఉంచండి, వచ్చినప్పుడు నాది తీసుకెళ్తాను అన్నాడు. మా వారు ఎప్పటిలాగే, మీ అందరూ ఎలా అంటే అలా. అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. అందరం ఆవిడని అడగడం మర్చిపోయామని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మూత తీస్తే లోపల మూడు గుడ్డ సంచులు, ఒక పాత చిట్టా పుస్తకం. ఎర్ర సంచిలో అన్నీ చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలు. నీలం సంచిలో రాణి, రాజు తలకాయలున్నవి. మూడోది కలగూరగంప. విలువని బట్టి వేరు చేశారా అంటే కాదు, రాగివీ వెండివీ రెండు సంచుల్లోనూ ఉన్నాయి. పాతవీ కొత్తవీ కూడా అంతే. అత్తయ్యకి ఫోన్ చేస్తే ఆవిడ ఏదో తెలిసిన కూరగాయ పేరు చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. "ఎర్ర సంచి అవతలి ఒడ్డుది, నీలం సంచి ఇవతలి ఒడ్డుది."

ఈ తరం వాళ్ళకి ఇది చెప్పాలి. ఇప్పుడు బస్సులో వంతెన మీద నుంచి వెళ్తూ గోదావరిలో పావలా వేయబోయి, పావలాలు లేవు కాబట్టి రూపాయి వేస్తాం. ఆ వంతెన 1965లో వచ్చింది. దానికి ముందు పడవలే. అంతకన్నా ముందు ఆ నది రెండు ప్రభుత్వాల మధ్య ఎల్ల. బూర్గంపహాడ్ వైపు నిజాం రాజ్యం, భద్రాచలం వైపు మద్రాసు వాళ్ళ తూర్పు గోదావరి జిల్లా. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. (2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకి వెళ్ళి, ఊరు దాటి నాలుగడుగులు వేస్తే మళ్ళీ ఇంకో రాష్ట్రం. మా ఊరికి ఎల్లలతో ఏదో రుణం ఉంది.) అవతలి ఒడ్డున నిజాం హాలీ సిక్కా చెల్లేది, ఇవతల బ్రిటిష్ వాళ్ళ కల్దారు రూపాయి. మామయ్యగారి నాన్నగారికి ఇక్కడ చిన్న దుకాణం. ఉప్పు, కిరసనాయిలు, పొగాకు అమ్మి, అడవిలోంచి వచ్చే చింతపండు, కరక్కాయ, ఇప్పపువ్వు కొనేవారట. సంతకి రెండు ఒడ్డుల జనమూ వచ్చేవాళ్ళు కాబట్టి గల్లాపెట్టెలు రెండు. హాలీ 1959లో పూర్తిగా ఆగిపోయింది. మార్చకుండా మిగిలినవే ఆ ఎర్ర సంచిలోవి.

అంటే అది ఎవరో సరదాపడి పోగుచేసిన సేకరణ కాదు. రెండు గల్లాపెట్టెల అడుగున మిగిలిన చిల్లర. ఆ సంగతి తెలిశాక నాలుగు వాటాలు వేయాలంటే నాకు చేయి ఆడలేదు.

చిట్టా పుస్తకంలో చాలా పేజీలకి ఒకటే లెక్క. పై వరసలో "7 హాలీ = 6 కల్దారు" అని, కింద మార్పిడి లెక్కలు. ఎందుకు ఏడుకి ఆరు? ఇంటర్ చదివే మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. నాణేల పుస్తకాల్లో చూస్తే కల్దారు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 91.7 పాళ్ళు వెండి. హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్ళు. అమ్మాయి గబగబా కాగితం మీద వేసింది. కల్దారులో 10.69 గ్రాముల వెండి, హాలీలో 9.14. ఆరు కల్దార్లలో 64 గ్రాములు, ఏడు హాలీల్లో కూడా 64 గ్రాములు! రెండు ప్రభుత్వాలూ ఏం అనుకున్నా దుకాణం చిట్టాలో ఉన్నది వెండి లెక్కే. తాతయ్యకి నాలుగో తరగతి చదువు, ఆ లెక్క నోటి చివర ఉండేదట. మా అమ్మాయి ఆ రోజు తాతయ్య వాళ్ళ నాన్న గురించి మొదటిసారి ప్రశ్నలు అడిగింది.

ఇదే లెక్క వల్ల ఇంకో సంగతీ తెలిసింది. రాజు బొమ్మ ఉన్న రూపాయిలన్నీ ఒకటి కాదు. 1940 నుంచి యుద్ధం వల్ల వెండి సగానికి తగ్గించేశారు. 1947 నాటి రూపాయిలో అసలు వెండే లేదు, నికెల్. చూడ్డానికి తేడా తెలియదు, కాబట్టి సంవత్సరం చూడకుండా తూకానికి అమ్మినా కొన్నా దెబ్బే. చార్మినార్ వాటి మీద సంవత్సరం హిజ్రీలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. మా వీధిలో ఉర్దూ టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ ఉన్నారు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటే చదివి చెప్పారు. 1337 అంటే మన లెక్కలో 1918 ప్రాంతం. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే సుమారుగా వస్తుంది. చార్మినార్ గుమ్మంలో చిన్న అక్షరం ఉంటుంది చూశారూ, అది "ఐన్" అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది, "మీమ్" అయితే వాళ్ళ నాన్న మహబూబ్ అలీ ఖాన్ కాలంది. నిజాం బొమ్మ వీటి మీద ఎక్కడా లేదు, ఆ ఒక్క అక్షరమే సంతకం. నాకు ఇది భలే నచ్చింది.

ఈలోగా దసరాకి ఆడపడుచు వచ్చింది. వస్తూనే చింతపండు నానేసి, పీతాంబరి పొడి పక్కన పెట్టుకుని, "ఇంత మకిలిగా ఎలా ఉంచారు వదినా, ఒక్క గంటలో అద్దంలా చేస్తా" అని పీట వేసుకుంది. నేను గిన్నె తీసి అవతల పెట్టాను. పాత నాణెం మీద పట్టే ఆ నల్లదనమే దాన్ని కాపాడే పొర. రుద్దితే దాంతో పాటు అచ్చు పైపొర కూడా పోతుంది. రుద్దిన నాణేన్ని తెలిసినవాడు ఒక్క చూపులో గుర్తుపట్టి సగం ధర కూడా ఇవ్వడు. ఇది ఆమెకి రుచించలేదు. "నాన్న వస్తువు కడగడానికి కూడా నాకు హక్కు లేదా" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నిజానికి నాణేల ధర గురించి ఆమెకి పట్టదు, నేనే తప్పు మాట ముందు చెప్తున్నానేమో అనిపించి ఊరుకున్నాను.

అత్తయ్య కల్పించుకుంది. "అది మకిలి కాదే, గోదారి" అంది.

1986 ఆగస్టు వరద. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, ఇప్పటికీ అదే రికార్డు. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు కూడా అందరూ ఆ ఏడునే తలుచుకున్నారు. ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు మామయ్యగారు పిల్లల్ని, పట్టా కాగితాల్ని ఎక్కించి, డబ్బా వదిలేసి వెళ్ళారట. వారం తర్వాత తిరిగొస్తే బీరువాలో మోకాలెత్తు ఒండ్రు. నాణేలన్నీ తీసి మంచినీళ్ళలో ముంచి చాప మీద ఆరబెట్టారట గానీ రుద్దలేదు. అక్షరాల సందుల్లో ఇంకా ఆ ఎర్రమన్ను ఉంది. అప్పుడు నీకు నాలుగేళ్ళు, నాన్న భుజాల మీద వచ్చావు అని అత్తయ్య అంటుంటే ఆడపడుచు చేతిలో ఉన్న రూపాయిని చాలాసేపు చూసింది. చింతపండు ఆ పూట పులుసులోకి వెళ్ళింది.

దాచే విషయంలో నేను చేసిందల్లా ఇంతే. నాణేన్ని అంచులు పట్టుకుని తీయడం, ఒక్కొక్కటీ విడిగా కాగితం కవర్లో పెట్టి, కవరు మీద పెన్సిల్‌తో సంవత్సరం, ఏ సంచిదో రాయడం. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లు మన తేమకి జిడ్డెక్కి నాణేల మీద పచ్చగా పడతాయి, అవి వద్దు. సంచులు పారేయలేదు, ఏ సంచి కవర్లు ఆ సంచిలోకే.

ఇక బావగారి లక్షలు. ఆయన ఓ నంబరుకి ఫొటోలు పంపితే, రిజర్వ్ బ్యాంకు పేరుతో కాగితం వచ్చింది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకి సంబంధం లేదని, ఫీజులు గానీ కమీషన్ గానీ ఎవరినీ అడగమని. అది మా అమ్మాయి చదివి వినిపించాక ఆయన ఫీజు కట్టడం ఆగింది గానీ కోపం ఆగలేదు. పాతది అయితే చాలు విలువ అనుకుంటాం. మా నీలం సంచిలో 1835 నాటి ఈస్ట్ ఇండియా కంపెనీ రాగి కానీ ఉంది. దాదాపు రెండు వందల ఏళ్ళది. కానీ అప్పట్లో అవి లెక్కలేనన్ని అచ్చేశారు, అందుకని ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. ఎన్ని అచ్చయ్యాయి, ఎన్ని మిగిలాయి, అచ్చు ఎంత స్పష్టంగా ఉంది అన్నదే ధర. రెండు రూపాయలకి వెనకాల కొంకి అతికించి ఉంది, ఎవరో దండలో వేసుకుని ఉంటారు. తండాల్లో, గూడేల్లో చూస్తూనే ఉంటాం కదా. అలాంటి వాటికి సేకరించేవాళ్ళ దగ్గర విలువ లేదు, వెండి విలువే. నాకైతే డబ్బా మొత్తంలో అవే అందమైనవి. ఏ మెడలోంచి, ఏ కరువులో ఉప్పు కోసం మా దుకాణానికి వచ్చాయో.

మూడో సంచిలో రామటెంకిలు ఉన్నాయి, మూడు. ఒక వైపు పట్టాభిషేకం, ఇంకో వైపు హనుమంతుడు. భద్రాచలంలో పుట్టిన వాళ్ళకి రామదాసు కథ వేరే చెప్పాలా? రామలక్ష్మణులే వచ్చి తానీషాకి ఆరు లక్షల మాడలు చెల్లించారని మా ఊరి నమ్మకం. ఇవి ఆ మాడలేనేమో అని బావగారి ఆశ. కావు. ఇలాంటివి పూజ కోసం, యాత్రల గుర్తుగా తయారైనవి, ఎక్కడా డబ్బుగా చెల్లినవి కావు. ఒకదాని మీద 1818, ఈస్ట్ ఇండియా కంపెనీ, ఒక అణా అని కూడా ఉంది. కంపెనీ వాళ్ళు దేవుళ్ళ బొమ్మలతో అలాంటి అణా ఎన్నడూ అచ్చేయలేదు. బియ్యాన్ని లాగుతాయి, కోట్లు పలుకుతాయి అని "రైస్ పుల్లింగ్" పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది పొలాలమ్మి మోసపోయారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. అందుకే ఇది బావగారికి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. చెప్పింది నేను కాదు, అత్తయ్య.

మరిదికి చెప్పింది చట్టం. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. మనం ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ దేశం దాటించకూడదు. అంటే 1918 చార్మినార్ అతని సూట్‌కేసులో వెళ్ళదు. మొదట నొచ్చుకున్నాడు. "మరి నాకేం ఉంది వదినా?" అంటే, మూడో సంచిలో 1957 నయాపైసలు ఉన్నాయని చెప్పాను. ఆ ఏడు ఏప్రిల్ 1న పదహారణాల రూపాయి నూరు పైసలైంది. మామయ్యగారు అప్పుడు బడి పిల్లాడు. తన చేత్తో దాచుకున్నవి ఆ డబ్బాలో ఇవే, మిగిలినవన్నీ వాళ్ళ నాన్నవి. ఒక పైసా, రెండు, అయిదు, పది, వరసగా కాగితంలో చుట్టి ఉన్నాయి. మరిది ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత అవి చాలన్నాడు.

మొన్న సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు తేలింది ఇది. ఎర్ర సంచి, నీలం సంచి, చిట్టా విడదీయకుండా భద్రాచలం ఇంట్లోనే. హైదరాబాద్ సైఫాబాద్ టంకశాలలో ఇప్పుడు మ్యూజియం ఉంది, చార్మినార్ నాణేలు తయారైన చోటు అదే. వేసవిలో పిల్లలందరినీ తీసుకెళ్ళి చూపిస్తానని బావగారే అన్నారు. ఆడపడుచు కొంకి ఉన్న రెండు రూపాయలూ అడిగి తీసుకుంది, కరిగించనని ఒట్టేసి. ఒకటి దండలో వేయించుకుంటుందట. అమ్మకానికంటూ తీసింది ఒకేలా ఉన్న అరిగిపోయిన సగం వెండి రూపాయలు పదకొండు. వచ్చిన డబ్బు అత్తయ్య చేతిలో పెట్టాం. ఆవిడ దాంతో వరదకి అందనంత ఎత్తులో గోడకి ఒక ఇనుప పెట్టె బిగించమంది. మేస్త్రీ వచ్చి కొలత తీసుకుని వెళ్ళాడు. ఎంత ఎత్తున పెట్టాలమ్మా అంటే, ఎనభై ఆరు గీత గోడ మీద ఇంకా ఉంది, దానికి పైన మూరెడు అంది.